ఉప్పు జున్నుకి కాపలా

చదువు అయిపోయి చేతికి పట్టా వచ్చిన కొత్తల్లో మనిషికి ఒక రకం జ్వరం ఉంటుంది. అది సొంత ఒంటికి తెలియదు, ఎదుటివాళ్ళ చెవులకు తెలుస్తుంది. ఆ రోజుల్లో నాకు అది బాగా ముదిరింది. బాపట్లలో నాలుగేళ్ళు పాల గురించి చదువుకుని తెనాలి ఇంటికి వచ్చాను. అమ్మ స్టవ్ మీద పాలు పెడితే చాలు, పక్కన నిలబడి ఎంత వేడి దగ్గర ఏ సూక్ష్మజీవి చస్తుందో చెప్పేదాన్ని. పాపం రెండు రోజులు ఓపిగ్గా విని, మూడో రోజు, "అయితే పొంగకుండా చూస్తా ఉండు తల్లీ, నేను స్నానం చేసొస్తా" అని వెళ్ళింది. ఆ రోజు పాలన్నీ పొంగి స్టవ్ పాలయ్యాయి. (నాలుగేళ్ళ చదువులో పొంగడం గురించి ఎవరూ చెప్పలేదు. నేను అమ్మతో అదే అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా గుడ్డ ఇచ్చింది.)

ఆ జ్వరంతోనే మొదటి ఉద్యోగంలో చేరాను. మా నాన్నకు తెలిసినాయన ఒకరు రేపల్లె దాటాక నగరం అనే ఊరికి వెళ్ళే రోడ్డు మీద చిన్న డెయిరీ నడిపేవారు. తరాలుగా మాగాణి చేసుకున్న కుటుంబం. చుట్టుపక్కల అందరూ ఆయన్ని బాబాయి గారనే పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. పాలు, పెరుగు, నెయ్యి అమ్ముకుంటూ హాయిగా ఉన్న ఆయన దగ్గరికి ఒకరోజు బాపట్ల సూర్యలంక వైపు ఉన్న ఒక హోటల్ వంటాయన వచ్చి, సెలవులకు సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళు తాజా చీజు అడుగుతున్నారు, చేసి ఇవ్వగలరా అని అడిగాడట. బాబాయి గారికి కాదనడం రాదు. చీజు చేయడమూ రాదు. అందుకని నన్ను పెట్టుకున్నారు. "మనమ్మాయి చీజు చదువుకుందండి" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. నేను సిగ్గుపడినట్టు తల వంచుకునేదాన్ని కానీ, ఎవరికైనా చెప్పడం మరిచిపోతే నేనే గుర్తుచేసేదాన్ని.

తాజా చీజు అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఆవు పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, గడ్డ కట్టించి, ముక్కలు కోసి, గుడ్డలో వడగట్టి, కాస్త ఉప్పు వేసి అచ్చుల్లో పెట్టడం. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు దాన్ని ఒకసారి రుచి చూసి, బెల్లం వెయ్యకుండా పాడుచేసిన జున్నులా ఉందని తేల్చి, "ఉప్పు జున్ను" అని పేరు పెట్టారు. చీజు చేసే గదికి పెద్ద, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ. వయసు యాభై దాటింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు అదే డెయిరీలో వెనక పంపు దగ్గర కూర్చుని పాల క్యాన్లు కడిగింది. చీజు గది తెరిచినప్పుడు బాబాయి గారు ఆవిడ చేతి శుభ్రం చూసి లోపలికి తెచ్చి, నలుగురు ఆడవాళ్ళను అప్పజెప్పారు. రోజూ కాళ్ళూ చేతులూ కడుక్కుని, పాల తొట్టిని కళ్ళకద్దుకుంటే తప్ప పని మొదలుపెట్టేది కాదు. తొట్టి దగ్గర ఎవరైనా పోట్లాడుకుంటే ఊరుకునేది కాదు. పాలు వింటాయట. (వినవు పెద్దమ్మా, వాటికి చెవులుండవు అని నేను శాస్త్రీయంగా చెప్పి చూశాను.)

అంతా బాగానే ఉంది అనుకుంటున్నప్పుడు గుంటూరు ల్యాబు నుంచి కాగితం వచ్చింది. సరుకు హోటల్‌కి వెళ్ళే ముందు ప్రతి విడత నుంచీ ఒక ముక్క పరీక్షకు పంపాలని నియమం. మా ముక్కలో లిస్టీరియా అనే ఒక చెడ్డ బ్యాక్టీరియా దొరికింది. మిగతావాటిని ఫ్రిజ్‌లో పెడితే ముడుచుకుని పడుకుంటాయి. ఇది మాత్రం చలిలో కూడా నింపాదిగా సంసారం పెంచుకుంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు, ముసలివాళ్ళకు చాలా ప్రమాదం. ఆ విడత సరుకంతా డెయిరీ వెనక గొయ్యి తీసి పూడ్చారు. తెల్లగా, ముద్దుగా ఉన్న అచ్చుల మీద మన్ను పడుతుంటే పెద్దమ్మ చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి గారు నన్ను పిలిచి, ఎప్పుడూ అడిగే మాటే అడిగారు. "ఇంతకీ తేలిందేంటమ్మా?"

నాకు కావలసింది అదే. గదంతా కడిగించి, మరుగు నీళ్ళు పోయించి, ఆ తర్వాత నా అమ్ములపొదిలోంచి ఆఖరి బాణం తీశాను. పాలల్లో ముందుగానే మంచి బ్యాక్టీరియాను కలిపితే, అవి చీజు రుచి మార్చకుండా ఓ మూల ఉండి, చెడ్డదాన్ని ఎదగనివ్వకుండా కాపలా కాస్తాయి. వాటిని చిన్న ప్యాకెట్లలో పొడిగా అమ్ముతారు, గడ్డకట్టే చలిలో దాచుకోవాలి. బాబాయి గారు సరే అన్నారు. ప్యాకెట్లు వచ్చిన రోజు నేను ఆ ఐదుగురినీ కూర్చోబెట్టి, తూకం బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, ముప్ఫై రెండు స్లైడ్ల ఉపన్యాసం మొదలుపెట్టాను. మొదటి స్లైడులోనే ఎర్రటి పుల్లల్లాంటి బ్యాక్టీరియా బొమ్మ.

"ఇయ్యి బియ్యంలో పట్టే పురుగులేనా అమ్మా?" అని ఒకావిడ అడిగింది.

"కాదండి. ఇవి కంటికి కనపడవు."

"కనపడనివాటికి ఫోటో ఎట్టా తీశారు?"

దానికి సమాధానం చెప్పడానికి నాకు నాలుగు స్లైడ్ల సమయం పట్టింది. పంతొమ్మిదో స్లైడు దగ్గర ల్యాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోయింది. (ఒక తొట్టికి ఒక కొత్త ప్యాకెట్టు, ప్రతి రోజూ, అని ఇంత పెద్ద అక్షరాలతో రాసుకున్న స్లైడు ఇరవై ఏడోది. పాఠకులు దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను మర్చిపోయాను.) ఇక నోటితోనే చెప్పాల్సి వచ్చింది. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఇంకా ఆగకముందే మనం కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేస్తాం కదా, ఈ మంచివి కూడా అలాగే పాలల్లో ముందే దిగి అన్ని సీట్లలోనూ తువ్వాళ్ళు వేసేస్తాయి, తర్వాత చెడ్డది ఎక్కినా దానికి కూర్చునే చోటు ఉండదు, తినే తిండి ఉండదు, పైగా ఇవి వదిలే రసం దానికి పడదు అని చెప్పాను. ఐదుగురి మొహాల్లోనూ వెలుగు వచ్చింది.

"తువ్వాలు తీసి పక్కన పారేసి కూర్చునేవాళ్ళు కూడా ఉంటారుగా అమ్మా?" అంది మళ్ళీ ఆవిడే.

"అందుకే చేతులూ గిన్నెలూ కడుక్కోవడం మానకూడదండి. చెడ్డవి గుంపుగా ఎక్కితే ఇవి కూడా ఆపలేవు."

అప్పుడు పెద్దమ్మ మెల్లగా, "అంటే ఏంటమ్మాయ్, తోడు లాంటిదా?" అంది.

మధ్యాహ్నం ఒంటిగంట. నాకు ఆకలేస్తోంది. క్యారేజీలో అమ్మ పెట్టిన దొండకాయ వేపుడు ఉంది. పైగా పెద్ద విషయాన్ని చిన్న మాటలో చెప్పేశానన్న గర్వం కూడా ఉంది. "అవును పెద్దమ్మా, తోడు లాంటిదే. గోరువెచ్చటి పాలల్లో కలిపెయ్యడమే" అన్నాను. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ ఒక్క మాటతో జరిగింది.

ఆ ప్యాకెట్టు నేనే దగ్గరుండి కలపాలి. మొదటి రోజు బాబాయి గారు కారు పంపితే చీకటితో లేచి వెళ్ళి కలిపాను కూడా. కానీ పాలు ఆరింటికే వస్తాయి. నేను తెనాలిలో ఎక్కే ప్యాసింజరు తన ఇష్టం వచ్చినప్పుడు రేపల్లె చేరుతుంది, అక్కడి నుంచి ఆటో. ఎంత లేదన్నా తొమ్మిదిన్నర. అప్పటికి పాలు గడ్డకట్టి ముక్కలు కోయడం కూడా అయిపోయేది. అందుకని రెండో రోజు నుంచీ ఆ పని పెద్దమ్మకు ఒప్పజెప్పాను. ఏ పూట ఎన్ని గంటలకు ప్యాకెట్టు కలిపారు, అప్పుడు పాల వేడి ఎంత అని రాయడానికి ఒక రిజిస్టరు ఉండేది. అది మాత్రం నేనే రాసేదాన్ని. ఎక్కడ రాసేదాన్ని అనేది తర్వాత చెబుతాను.

మొదటి శాంపిల్ శుభ్రంగా వచ్చింది. ఇక నన్ను పట్టుకోగలిగినవాళ్ళు లేరు. రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళకి, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి, వేమూరులో ఎక్కి భట్టిప్రోలులో దిగిపోయేవాళ్ళకి కూడా కాపలా బ్యాక్టీరియా గురించి చెప్పాను. మా అమ్మ చుట్టాలకి ఫోన్లు చేసి, "మా పిల్ల పురుగుల్ని పెంచే ఉద్యోగం చేస్తంది" అని గర్వంగానో దిగులుగానో తెలియని గొంతుతో చెప్పేది. ఆ రోజుల్లోనే బాబాయి గారు ఒకసారి నన్ను ఆపి, "అమ్మాయ్, మా ఇంట్లో పెరుగు ఈ మధ్య పులవట్లేదు. మూడో రోజుకి కూడా కమ్మగానే ఉంటంది. మజ్జిగ పులుసు చేస్తే నీళ్ళు తాగినట్టుంది. ఏంటంటావు?" అని అడిగారు. నేను కళ్ళజోడు సర్దుకుని, పశువుల మేతలో మార్పుల గురించి ఓ పావుగంట మాట్లాడాను. ఆయన శ్రద్ధగా విని, మేత మార్పించారు.

రెండో శాంపిల్ అనుమానంగా వచ్చింది. మూడోది ఫెయిలైంది. మళ్ళీ గొయ్యి. ఈసారి హోటల్ వంటాయన ఫోన్ చేసి, కోపంగా కాదు, మర్యాదగానే, శనివారం తానే వచ్చి చూస్తాననీ, ఇంకొక్క విడత చూసి అదీ కుదరకపోతే వేరే చోట తెచ్చుకుంటామనీ చెప్పాడు. బాబాయి గారు కూడా మర్యాదగానే, కుదరకపోతే ఆ గదిలో లస్సీ మెషిన్ పెట్టేద్దాం అన్నారు. దానికి ఒక్క మనిషి చాలు. నాకైతే తెనాలిలో అమ్మా నాన్నా ఉన్నారు, ఇంకో ఉద్యోగం దొరక్కపోదు. పెద్దమ్మ మాత్రం మళ్ళీ వెనక పంపు దగ్గరికి వెళ్ళి క్యాన్లు కడగాలి, మిగతా నలుగురికీ అదీ లేదు. ఈ సంగతి నాకు ఆవిడ చెప్పలేదు, నలుగురిలో ఒకావిడ చెప్పింది. పెద్దమ్మ నాతో అన్నదల్లా, "ఏదో ఒకటి చూడమ్మాయ్, నీకు తెలియందేముంది?" అని. ఆ మాట ఇప్పుడు తల్చుకున్నా నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేను చూడటం మొదలుపెట్టాను. నీళ్ళను అనుమానించాను. డ్రైనేజీని అనుమానించాను. నగరం నుంచి పాలు తెచ్చే వ్యాను డ్రైవరు తుమ్మును అనుమానించాను. ఆడవాళ్ళ తలలో పూలు తీయించాను. కనకాంబరాలు ఏం చేశాయమ్మా అని వాళ్ళు నొచ్చుకున్నారు. చివరికి పెద్దమ్మ చేతి గాజుల దగ్గరకొచ్చాను. మట్టి గాజుల సందుల్లో తడి చేరుతుంది, తీసెయ్యమన్నాను. ఆవిడ నా వైపు ఒక నిమిషం చూసింది. "మా ఆయన బతికే ఉన్నాడమ్మా" అంది నెమ్మదిగా. మర్నాడు చూస్తే ఆవిడ గాజులు పైకి లాక్కుని, వాటి మీద ఉతికిన తెల్లగుడ్డ చుట్టి, ఆపైన పొడుగు గ్లౌజులు తొడుక్కుని వచ్చింది. ఆ ఎండల్లో, మోచేతుల దాకా చెమటలు కారుతుంటే, ఒక్క మాట అనకుండా పనిచేసింది. నేను ఎంత గొప్ప పరిశీలకురాలినంటే, ఇంతమందిని అనుమానించాను గానీ ప్యాకెట్లున్న డీప్ ఫ్రీజర్ మూత మాత్రం ఎత్తి చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, వంటాయన వచ్చే ముందురోజు, ప్యాకెట్లు అయిపోవచ్చాయేమో, కొత్తవి తెప్పించాలేమో అని ఫ్రీజర్ తెరిచాను. పెట్టె నిండుగా ఉంది. మూడు వారాలు గడిచాయి, నేను మొదటి రోజు తీసిన ఒకే ఒక్క ప్యాకెట్టు తప్ప మిగతావన్నీ పెళ్ళిపందిట్లో కుర్చీల్లా వరసగా అలాగే ఉన్నాయి. ఒక్క క్షణం, ఎవరో కొత్త పెట్టె కొని పెట్టారేమో అని సంతోషపడ్డాను కూడా. తర్వాత రెండుసార్లు లెక్కపెట్టాను. పెద్దమ్మను పిలిచాను.

"పెద్దమ్మా, పాలల్లో రోజూ ఏం కలుపుతున్నారు?"

"తోడు."

"ఏ తోడు?"

"అదేంటమ్మాయ్ అట్టా అడుగుతావు? నువ్విచ్చిందే. మొదటి రోజు నువ్వు కలిపావుగా, ఆ పాలల్లోంచి ఒక గ్లాసు తీసి దాచా. మర్నాడు అది పోశా, మళ్ళా ఆ తొట్టిలోంచి ఒక గ్లాసు తీశా." కోల్డ్ రూములోకి వెళ్ళి, చిన్న పళ్ళెం మూత పెట్టిన స్టీలు గ్లాసు రెండు చేతులా పట్టుకుని తెచ్చి చూపించింది. "ఒక్క రోజు మానలా. ఆదివారం సెలవైనా వచ్చి చూసుకుని ఎళ్ళా."

"ప్యాకెట్టు ఎందుకు వెయ్యలేదు పెద్దమ్మా?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఇంట్లో తోడుండగా కొత్తది ఎవరు తెచ్చుకుంటారమ్మా? తోడు పోగొట్టుకున్న ఇల్లాలిని ఏమంటారు? మా అత్త కాపరానికొచ్చిన రోజు తెచ్చిన తోడు మా ఇంట్లో ఇంకా నడస్తానే ఉంది."

అప్పుడు నాకు అంతా తెలిసింది. పెరుగుకి నిన్నటి చెంచాడు చాలు. ఈ కాపలా బ్యాక్టీరియా అలాంటివి కావు. ప్రతి తొట్టికీ కొత్తగా, లెక్కగా, పూర్తి బలంతో దిగాలి. గ్లాసులో రోజుకి రోజు అవి పలచబడ్డాయి. ఎక్కడో ఒకనాడు గరిటె నుంచో గాలి నుంచో లిస్టీరియా ఆ గ్లాసులో పడింది. ఫ్రిజ్ చలి దానికి పుట్టిల్లు కదా, అక్కడ పెరిగింది. మేము ప్రతిరోజూ పొద్దున్నే కళ్ళకద్దుకుని మరీ దాన్ని తొట్టిలోకి పంపుతున్నాం. మూడు వారాలుగా ఆ గదిలో అందరికంటే నియమంగా పనిచేసింది ఆ గ్లాసే.

"ఇది ఇంకెవరికైనా ఇచ్చారా?" అని అడిగాను, వినపడీ వినపడనట్టు.

"తోడడిగితే లేదంటామా? పక్కింటికి ఇచ్చా. బాబాయి గారి ఇంటికీ ఇచ్చా, అమ్మగారు అడిగారు. దీపాలు పెట్టాక మాత్రం ఎవరికీ ఇవ్వలేదమ్మా."

ఆ మంచివి పాల రుచి మార్చవు కదా, అలా బాబాయి గారి పెరుగు ఎందుకు పులవట్లేదో నాకు తెలిసింది. (మార్పించిన మేత తిని ఏ పాపం ఎరుగని గేదెలు అప్పటికే సన్నబడ్డాయి.) పరుగున వెళ్ళి బాబాయి గారి భార్యకు నమస్కారం పెట్టి, ఇంట్లో ఉన్న పెరుగంతా పారబోయమని చెప్పాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, "శుక్రవారం పూట, పొంగి పొర్లిన పాడిని చేతులారా పారబోయమంటావా?" అంది. నేను శాస్త్రం చెప్పాను. ఆవిడ కూడా శాస్త్రమే చెప్పింది. చివరికి నా వెనకే వచ్చిన పెద్దమ్మ, ఈ పూటకి ఎవరూ ముట్టకుండా మూత పెట్టి, రేపు పొద్దున్నే పారబోద్దామని రాజీ చేసింది. పక్కింటివాళ్ళకూ అలాగే చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్లో నేను పడిన మథనం ఏంటో కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ జ్ఞాపకం రాయడం దండగ. తప్పు ఎవరిదో నాకు తెలుసు. తోడు లాంటిదే అని చెప్పింది నేను. కానీ రిజిస్టరు నాకు అనుకూలంగా ఉంది. మూడు వారాల పాటు, ప్రతిరోజూ, "ప్యాకెట్టు కలపడమైనది, ఆరు నలభై, ముప్ఫై రెండు డిగ్రీలు" అని చక్కని దస్తూరీతో ఉంది. అది చూస్తే ఎవరైనా, అమ్మాయి సరిగ్గానే చెప్పింది, పెద్దావిడే పొరపాటు చేసి అబద్ధం చెప్పింది అనుకుంటారు. నేను నోరు మూసుకుంటే చాలు. ఇంతకీ అది ఎక్కడ రాసేదాన్నో చెబుతానన్నాను కదా. రైల్లో. పెనుమర్రు దాటాక సీటు దొరికితే కూర్చుని, వారానికి సరిపడా ఒకేసారి రాసేసేదాన్ని. కొన్నిసార్లు రేపటిది కూడా.

శనివారం పదింటికి వంటాయన వచ్చాడు. బాబాయి గారు, ఆయన, నేను తూకం బల్ల చుట్టూ కూర్చున్నాం. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడింది. సంగతి అప్పటికే సగం తెలిసిన బాబాయి గారు రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి ఒక్కో వరసా చదివారు.

"ఇంతకీ తేలిందేంటమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపలే పెద్దమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "నాదేనండి పొరపాటు. అమ్మాయి సరిగ్గానే చెప్పింది. నాకే బుర్రకెక్కలా. నన్ను క్యాన్ల దగ్గరికి పంపెయ్యండి, ఆ నలుగుర్నీ మాత్రం ఉంచండి బాబాయి గారూ."

ఆవిడకి రిజిస్టరు సంగతి తెలుసు. చదవడం రాకపోయినా, ఆరు నలభైకి నేను ఎక్కడ ఉంటానో ఆవిడకి తెలియదా? చేతులకి ఇంకా ఆ తెల్లగుడ్డ ఉంది. నేను లేచి నిలబడ్డాను. వెంటనే మాట్లాడానని రాస్తే బాగుంటుంది కానీ, అది ఇంకో రిజిస్టరు అవుతుంది. కాసేపు బల్ల వైపు చూస్తూ ఊరుకున్నాను. తర్వాత ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ప్రాసెస్ అన్నాను, డీవియేషన్ అన్నాను, డాక్యుమెంటేషన్ గ్యాప్ అన్నాను. వంటాయన తలాడించాడు. బాబాయి గారు చెయ్యెత్తారు.

"తెలుగులో చెప్పమ్మా."

తెలుగులో దాక్కోవడానికి చోటు లేదు. "తోడు లాంటిదే అని నేనే చెప్పానండి. ప్యాకెట్టు రోజూ కొత్తది వెయ్యాలని చెప్పలేదు. రిజిస్టరు రైల్లో కూర్చుని రాశానండి. పెద్దమ్మ నేను చెప్పినట్టే చేసింది" అన్నాను. అని ఏడ్చాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను, అదీ బాపట్ల వంటాయన ముందు.

బాబాయి గారు రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. తర్వాత, "మేత కూడా నువ్వే మార్పించావు కదా" అన్నారు. అదొక్కటే ఆయన నన్ను తిట్టిన తిట్టు. వంటాయన మీసాల్లో నవ్వుకుని, మా అమ్మ కూడా ఇంట్లో తోడు అయిపోతే పరువు పోయినట్టు బాధపడుతుందండి అని, ఇంకొక్క విడతకు ఒప్పుకున్నాడు. ఆఖరి విడత, ఇది పోతే లస్సీయే.

ఆ తర్వాత రెండు వారాలు నేను రేపల్లెలో పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఐదింటికి లేపేది. గ్లాసును మరుగు నీళ్ళలో వేసి, గదంతా మళ్ళీ కడిగి, తొట్టిని మళ్ళీ కళ్ళకద్దుకుని మొదలుపెట్టాం. ప్యాకెట్టు మాత్రం ఆవిడ ముట్టుకోలేదు. నేను కత్తిరించి పోస్తుంటే పక్కన నిలబడి చూసేది. రిజిస్టరు పెన్ను తన దగ్గర పెట్టుకుని, పోసిన తర్వాతే నా చేతికి ఇచ్చేది. ఒకరోజు పాల వేడి ముప్ఫై రెండు కాక ముప్ఫై నాలుగు వచ్చింది. ఆగి, చల్లారనిచ్చి, ఆలస్యంగా కలిపాం. రిజిస్టరులో మొదటిసారి వంకర అంకెలు పడ్డాయి, కొట్టివేతలు పడ్డాయి. చూడ్డానికి అసహ్యంగా, నిజంగా ఉంది. గాజుల మీద గుడ్డ తీసెయ్యమని చెప్పాను. "ఉండనీలే, అలవాటైపోయింది" అంది. నా తప్పుకు ఆవిడ నన్ను ఒక్క మాట అని ఉంటే తేలిగ్గా ఉండేది. అనలేదు.

గుంటూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు మేమిద్దరం అచ్చులు కడుగుతున్నాం. శుభ్రంగా ఉంది, లిస్టీరియా లేదు అన్నారు. నేను ఎగిరి గంతేశాను. నలుగురు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. బాబాయి గారు వచ్చి లస్సీ మెషిన్ వాడికి వద్దని చెప్పేశానన్నారు. పెద్దమ్మ ఒక్కతే అచ్చు చేతిలో పట్టుకుని ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది.

"అయితే ఆ మంచివి గెలిచినట్టేనా అమ్మాయ్?"

"గెలిచాయి పెద్దమ్మా."

"ఇప్పుడు అయ్యి ఏమవుతాయి?"

"ఏమవుతాయి? చీజుతో పాటే ఉంటాయి. హోటల్లో వాళ్ళు తినేస్తారు."

"తినేస్తారా?" పెద్దమ్మ మొహం వాడిపోయింది. "రేయింబవళ్ళు కాపలా కాసినవాటినా? పాపం."

ఆ రోజు నేను పడీపడీ నవ్వాను. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పి మళ్ళీ నవ్వాను. ఇప్పుడు నేను పెద్ద పెద్ద ప్లాంట్లకు వెళ్ళి ఈ కాపలా బ్యాక్టీరియా గురించే పాఠాలు చెబుతుంటాను, ఛార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌తో. ఎంతో చదువుకున్నవాళ్ళు చెయ్యెత్తి చాలా ప్రశ్నలు అడుగుతారు. ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పెద్దమ్మ పోయి రెండేళ్ళయింది. ఎప్పుడైనా హోటల్లో ప్లేటులో తెల్లటి చీజు ముక్క వస్తే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. "ఏంటి, బాగాలేదా?" అంటారు మా వారు. బాగానే ఉందండి అంటాను. మనసులో ఒకసారి పాపం అనుకుని, అప్పుడు తింటాను. ఇంత చదువు చదివి ఇదేం పనే అని నాకే నవ్వొస్తుంది.